ముసురు రోజుల్లో దొరికిన నిధి

ఒంటికాలి దొంగ, భుజమ్మీద చిలక, ఎర్ర గుర్తులు పెట్టిన పాత పటం, మట్టిలో పాతిపెట్టిన బంగారం... సముద్రపు దొంగ అనగానే పిల్లలకైనా పెద్దలకైనా కళ్లముందు మెదిలే బొమ్మ ఇదే. ఆ బొమ్మలో చరిత్ర కొంతే. మిగతాదంతా వానకి ఇల్లు కదల్లేని ఓ పదమూడేళ్ల కుర్రాడు, మంచం పట్టిన ఓ రచయిత, కొడుకు మీద బెంగ పెట్టుకున్న ఓ ముసలి ఇంజినీరు కలిసి ఆడుకున్న ఆట. ఆ ఆట పేరే... ‘ట్రెజర్ ఐలండ్’!

1881, ఆగస్టు నెలాఖరు. స్కాట్లండ్ కొండల మధ్య బ్రేమర్ అనే చిన్న ఊరు. వేసవి గడపడానికని అక్కడో ఇల్లు అద్దెకు తీసుకుంది ఓ కుటుంబం. తీరా వెళ్లాక ఒకటే వాన. దానికి తోడు ఈదురుగాలి. తలుపు తీస్తే చలి. ఇంట్లో వృద్ధ దంపతులు, వాళ్ల ఒక్కగానొక్క కొడుకు, కోడలు, ఆమె మొదటి పెళ్లి వల్ల కలిగిన కొడుకు లాయిడ్. బయటికెళ్లి ఆడుకునే దారిలేక లాయిడ్ ఓ గదిలో కూర్చుని రంగులతో బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. ఒక్క షిల్లింగుకి కొన్న రంగుల పెట్టె అది. నాలుగు రోజులు తిరక్కుండానే గది గోడలన్నీ బొమ్మలతో నిండిపోయాయి.

ఆ ఇంటి కొడుకు కూడా బయటికి వెళ్లే స్థితిలో లేడు. అతనికి ఊపిరితిత్తుల జబ్బు. జలుబు చేస్తే చాలు, ప్రాణం మీదికొచ్చేది. ఏమీ తోచక తనూ కుర్రాడి పక్కన చేరి కుంచె పట్టాడు. అలా ఓ మధ్యాహ్నం ఊరికే ఓ దీవి పటం తయారైంది. కొండలు, వాగులు, ఓడలు లంగరు వేసుకునే రేవులు... ఒక్కోదానికీ ఓ పేరు. పటం మీద మూడు ఎర్రటి గుర్తులు.

అంతే! ఆ కాగితాన్ని చూస్తూ కూర్చున్న ఆ మనిషికి పటంలోని అడవుల్లోంచి మనుషులు తొంగిచూడటం మొదలుపెట్టారట. చేతుల్లో కత్తులు... ముఖాల నిండా ఎండకి కమిలిన గీతలు... అందరి కళ్లూ నిధి మీదే. వెంటనే ఇంకో కాగితం తీసుకుని అధ్యాయాల జాబితా రాసేశాడు. అతని పేరు రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్.

ఆ పటం ముందు ఎవరు గీశారన్నదాని మీద మాత్రం ఇద్దరి మాటా వేరు. తానే గీశానని స్టీవెన్‌సన్ రాసుకున్నాడు. దీవి బొమ్మ తనదేననీ, ఆయన వచ్చి దానికి పేర్లూ గుర్తులూ చేర్చాడనీ పెద్దయ్యాక లాయిడ్ చెప్పాడు. ఎవరు గీస్తేనేం... ప్రపంచానికి ఓ నవల దక్కింది.

దీపాల వంశంలో మాటల మనిషి

స్టీవెన్‌సన్ 1850 నవంబరు 13న ఎడింబరోలో పుట్టాడు. వాళ్లది లైట్‌హౌస్‌లు కట్టే వంశం. తాత రాబర్ట్ స్టీవెన్‌సన్ కట్టిన బెల్‌రాక్ లైట్‌హౌస్ 1811లో వెలిగింది. సముద్రం పోటెత్తితే పూర్తిగా మునిగిపోయే బండ మీద కట్టిన దీపం అది. తండ్రి థామస్, ఆయన అన్నలు కూడా అదే పనిలో పేరు తెచ్చుకున్నవాళ్లే. స్కాట్లండ్ తీరమంతా వాళ్లు కట్టిన దీపాలే. ఆ తండ్రి చేసిన ఇంకో వస్తువు మన ఊళ్లలోనూ కనిపిస్తుంది. వాతావరణ కేంద్రాల ఆవరణలో నాలుగు కాళ్ల మీద నిలబెట్టిన తెల్లటి చెక్క పెట్టె ఉంటుంది చూడండి... లోపల థర్మామీటర్లు పెట్టి, గాలి ఆడటానికి చుట్టూ ఏటవాలు పట్టీలు బిగిస్తారు. దాని పేరు ‘స్టీవెన్‌సన్ స్క్రీన్’. అది థామస్ రూపకల్పనే.

అలాంటి ఇంట్లో పుట్టినవాడు ఇంజినీరు కాక ఇంకేమవుతాడు? థామస్ కూడా అలాగే అనుకున్నాడు. కొడుకుని ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్‌లో చేర్పించాడు. కానీ ఆ పిల్లాడి బాల్యం సగం మంచం మీదే గడిచింది. దగ్గుతో రాత్రుళ్లు నిద్రపట్టకపోతే ఆయా కథలు చెప్పేది. దుప్పటి మడతలే కొండలు, లోయలు. వాటి మీద సీసపు బొమ్మ సైనికులు. అలా ఊహల్లోనే ఊళ్లు తిరగడం అలవాటైన కుర్రాడికి రాళ్లూ, సున్నం లెక్కలు ఎక్కలేదు. 1871లో తండ్రికి ఆ మాట చెప్పేశాడు... తాను రచయితనవుతానని.

థామస్‌కి అది పెద్ద దెబ్బ. రాతలతో పొట్ట గడవదనీ, కనీసం న్యాయవాద పట్టా అయినా తెచ్చుకోమనీ అన్నాడు. కొడుకు 1875లో పట్టా తెచ్చుకున్నాడు. ప్రాక్టీసు మాత్రం పెట్టలేదు. ఈలోపు మతం విషయంలో తండ్రీకొడుకుల మధ్య పెద్ద గొడవే జరిగింది. చర్చి అంటే ప్రాణంపెట్టే తండ్రికి కొడుకు దైవభక్తిని వదిలేశాడని తెలిసింది. ఇల్లు ఇల్లంతా మూగబోయింది. అది చాలదన్నట్టు అప్పటికే పెళ్లయి, పిల్లలున్న ఫ్యానీ ఆస్‌బోర్న్ అనే అమెరికా మహిళను ప్రేమించి, ఆమె కోసం సముద్రం దాటి కాలిఫోర్నియా వెళ్లాడు. దారిలో జబ్బు ముదిరి చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. ఆమె విడాకులు తీసుకున్నాక 1880లో పెళ్లి చేసుకున్నారు. కొడుకు పరిస్థితి తెలిసి తండ్రే మెత్తబడి డబ్బు పంపించాడు. కోడల్ని ఇంటికి రమ్మన్నాడు.

బ్రేమర్ ఇంట్లో ఆ వాన రోజుల్లో కలిసి కూర్చున్నది ఆ తండ్రీ, ఆ కొడుకే. కొడుకుకి ముప్పై ఏళ్లు వచ్చాయి. ఏడాదికి రెండు వందల పౌండ్లు సంపాదించిన పాపాన పోలేదు. పది పన్నెండుసార్లు నవల మొదలుపెట్టి మధ్యలోనే వదిలేశాడు. అంతకుముందే రాసిన ఓ పుస్తకం బాగోలేదని తండ్రే ప్రచురణకర్తకు డబ్బు తిరిగిచ్చి, అది అచ్చు కాకుండా ఆపించాడు. ఇంకా తండ్రి సొమ్ము మీద బతుకుతున్నానే అన్న బాధ స్టీవెన్‌సన్‌ని లోలోపలే తినేస్తుండేది.

నాన్న సర్దిన పెట్టె

సెప్టెంబరు చలిలో, పొయ్యి పక్కన కూర్చుని కథ మొదలుపెట్టాడు స్టీవెన్‌సన్. దానికి పెట్టిన మొదటి పేరు ‘సీ కుక్’... అంటే ఓడలో వంటవాడు. ఉదయం రాసిన అధ్యాయాన్ని మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంట్లో అందరికీ చదివి వినిపించేవాడు. లాయిడ్ పెట్టిన షరతు ఒక్కటే... కథలో ఆడవాళ్లు ఉండకూడదు! అందుకే నవల మొత్తంలో కాస్త చెప్పుకోదగ్గ స్త్రీ పాత్ర కథానాయకుడి తల్లి ఒక్కతే.

పిల్లాడి కోసం మొదలుపెట్టిన కథ కాస్తా ఇంకో పిల్లాణ్ని కూడా పట్టేసింది. ఆ పిల్లాడి వయసు అరవై మూడేళ్లు. పేరు థామస్ స్టీవెన్‌సన్!

నిజానికి ఆ గంభీరమైన ఇంజినీరు గురించి బయటివాళ్లకు తెలియని సంగతొకటుంది. ఆయన జీవితమంతా రాత్రిపూట తనకు తనే కథలు చెప్పుకుని నిద్రపోయేవాడు. ఓడలు, దారి పక్కన సత్రాలు, దొంగలు, ముసలి నావికులు... ఆ కథల్లో ఎప్పుడూ వీళ్లే. ఒక్క కథా పూర్తయ్యేది కాదు. పూర్తి చేయాల్సిన అవసరం మాత్రం ఏముంది... ఈలోపే నిద్రపట్టేసేది కదా! ఇప్పుడు కొడుకు చదువుతుంటే అచ్చం తన కథల్లాంటిదే వినిపించింది. ఇంక ఊరుకుంటాడా? తనూ ఓ చెయ్యి వేశాడు.

కథలో చనిపోయిన ఓ నావికుడి పెట్టెను తెరిచే ఘట్టం ఉంది. ఆ పెట్టెలో ఏమేం ఉండాలి? థామస్ దాదాపు రోజంతా కూర్చుని, ఓ పాత కవరు వెనకాల జాబితా తయారుచేసి ఇచ్చాడు. కొడుకు దాన్ని పొల్లుపోకుండా నవలలో పెట్టేశాడు. తొడగని మంచి బట్టల జత, పొగాకు, రెండు జతల పిస్తోళ్లు, వెండి కడ్డీ, పాత స్పెయిన్ గడియారం, ఇత్తడి బిగించిన వృత్తలేఖిని, వెస్టిండీస్ తీరంలో ఏరిన ఐదారు గవ్వలు... ఇవన్నీ నాన్న సర్దినవే. దొంగల నాయకుడు ఫ్లింట్ ఓడకు ‘వాల్‌రస్’ అని పేరు పెట్టిందీ ఆయనే. ఏ రాతలతో పొట్ట గడవదని పదేళ్ల కిందట బాధపడ్డాడో, ఆ రాతల్లోనే చివరికి తండ్రి కూడా భాగస్వామి అయ్యాడు.

పదిహేను రోజులు... పదిహేను అధ్యాయాలు. రోజుకొకటి చొప్పున కథ పరుగులు పెట్టింది.

కథేమిటంటే...

ఇంగ్లండ్ సముద్రతీరంలో ‘అడ్మిరల్ బెన్‌బో’ అనే సత్రం. దాన్ని నడిపేవాళ్ల అబ్బాయి జిమ్ హాకిన్స్. ఆ సత్రానికి ఓ రోజు బిల్లీ బోన్స్ అనే ముసలి నావికుడు పెద్ద పెట్టెతో దిగుతాడు. ఒంటికాలి మనిషెవరైనా వస్తే చెప్పమని జిమ్‌కి నెలకో నాణెం ఇస్తుంటాడు. కొన్నాళ్లకు ప్యూ అనే గుడ్డివాడు కర్ర టకటకలాడిస్తూ వచ్చి అతని చేతిలో ఓ నల్ల మచ్చ కాగితం పెట్టి వెళతాడు. దొంగల భాషలో అది తాఖీదు. ఆ అదురుకే బిల్లీ బోన్స్ ప్రాణం పోతుంది. అతని పెట్టెలో జిమ్‌కి ఓ పటం దొరుకుతుంది... కెప్టెన్ ఫ్లింట్ ఏడు లక్షల పౌండ్ల నిధి దాచిన దీవి అది. తొమ్మిది మైళ్ల పొడవు, ఐదు మైళ్ల వెడల్పు.

ఊరి డాక్టరు, జమీందారు కలిసి ‘హిస్పానియోలా’ అనే ఓడ సిద్ధం చేస్తారు. జిమ్ కూడా బయల్దేరతాడు. ఓడలో వంటవాడిగా కుదురుతాడు లాంగ్ జాన్ సిల్వర్. ఒంటికాలు, భుజమ్మీద చిలక, నవ్వు ముఖం, తియ్యటి మాటలు. జిమ్‌కి అతనంటే ఎంతో ఇష్టం ఏర్పడుతుంది. ఓ రాత్రి యాపిల్ పండు కోసం పీపాలోకి దిగిన జిమ్‌కి బయట మాటలు వినిపిస్తాయి. ఓడలో సగానికిపైగా ఫ్లింట్ పాత ముఠావాళ్లే. వాళ్ల నాయకుడు సిల్వర్! నిధి చేతికందగానే అందర్నీ చంపేయాలన్నది పథకం.

ఆ తరవాత దీవిలో జరిగే పోరాటం, మూడేళ్లుగా అక్కడ ఒంటరిగా బతుకుతూ జున్ను ముక్క కోసం కలవరించే బెన్ గన్, చివరికి గుర్తులు పట్టుకుని వెళితే ఖాళీ గొయ్యి... చదవనివాళ్లు చదివి తెలుసుకోవాల్సిందే. ఒక్కమాట మాత్రం చెప్పొచ్చు. ఆ ఓడలో వెళ్లినవాళ్లలో దాని మీద తిరిగొచ్చింది ఐదుగురే. అంత నిధి దక్కినా జిమ్‌కి సంతోషం లేదు. ఎవరెంతిచ్చినా ఆ దీవికి మళ్లీ వెళ్లనంటాడు. నిద్రలో అలల హోరు, చిలక అరుపు వినిపించి ఉలిక్కిపడి లేస్తుంటాడు. పిల్లల కథే... కానీ బంగారానికి ఎంత నెత్తురు ఖర్చయిందో లెక్క చెప్పే కథ కూడా.

పదహారో అధ్యాయంలో బ్రేకు

పరుగులు తీసిన కలం పదహారో అధ్యాయం మొదట్లో టక్కున ఆగిపోయింది. ఒక్క మాటా ముందుకు కదల్లేదు. అప్పటికే పీకల మీదికి వచ్చేసింది. ఎందుకంటే బ్రేమర్‌కి అతిథిగా వచ్చిన అలెగ్జాండర్ జాప్ అనే రచయిత కథ విని ముచ్చటపడి, రాసినంతవరకూ పట్టుకెళ్లి ‘యంగ్ ఫోక్స్’ అనే పిల్లల పత్రిక సంపాదకుడు జేమ్స్ హెండర్సన్‌కి ఇచ్చాడు. ఆయన ‘సీ కుక్’ పేరు మార్చి ‘ట్రెజర్ ఐలండ్’ అని పెట్టాడు. 1881 అక్టోబరు 1న సీరియల్ మొదలైపోయింది. రచయిత దగ్గర మాత్రం మిగతా కథ లేదు!

చలికాలం ఊపిరితిత్తులకు మంచిది కాదని డాక్టర్లు చెప్పడంతో కుటుంబం స్విట్జర్లాండ్‌లోని దావోస్‌కి మారింది. మంచుకొండల మధ్య క్షయరోగులు చికిత్స కోసం చేరే ఊరది. అక్కడ ఓ ఉదయం మళ్లీ కథ ముందు కూర్చున్నాడు స్టీవెన్‌సన్. ఆశ్చర్యం... చిన్నపిల్లల మాటల్లా బడబడా వచ్చేసింది కథ. మళ్లీ రోజుకో అధ్యాయం. అలా గట్టెక్కాడు.

1882 జనవరి 28న సీరియల్ ముగిసింది. ఆహా ఓహో అన్నారా? లేదు. బొమ్మలు కూడా లేకుండా పత్రికలో ఓ మూల అచ్చయిన ఆ కథను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రచయితగా అచ్చయిన పేరు కూడా స్టీవెన్‌సన్‌ది కాదు... ‘కెప్టెన్ జార్జ్ నార్త్’. కథ పుస్తకంగా రావడానికి మరో ఏడాదిన్నర పైనే పట్టింది. క్యాసెల్ సంస్థ 100 పౌండ్లు ఇస్తానంది. ఆ కబురు అందగానే స్టీవెన్‌సన్ ఎగిరి గంతేసి అమ్మానాన్నలకు ఉత్తరం రాశాడు. 1883 నవంబరులో పుస్తకం వెలువడింది. ఈసారి పిల్లల కన్నా ముందు పెద్దలే ఎగబడ్డారు. బ్రిటన్ ప్రధాని గ్లాడ్‌స్టన్ తెల్లవారుజామున రెండింటిదాకా మేలుకుని చదివాడని అప్పట్లో చెప్పుకునేవారు.

తప్పిపోయిన పటం

పుస్తకం అచ్చుకి వెళ్లే ముందు ఓ చిత్రం జరిగింది. రాతప్రతితోపాటు ఆ మొదటి పటాన్ని కూడా ప్రచురణకర్తలకు పంపించాడు స్టీవెన్‌సన్. ప్రూఫులు వచ్చాయి. పటం జాడ లేదు. వాకబు చేస్తే తమకసలు అందనే లేదన్నారు. కథకు తల్లివేరులాంటి కాగితం దారిలో ఎక్కడో మాయమైపోయింది.

ముందు పటం గీసి, దాన్ని చూస్తూ కథ అల్లడం తేలిక. కథ మొత్తం అయ్యాక దానికి సరిపోయే పటం గీయాలంటే? ఏ కొండ ఏ దిక్కున ఉందని రాశాడు, ఏ వాగు ఎక్కడ కలుస్తుంది, ఎక్కణ్నుంచి చూస్తే ఓడ కనిపిస్తుంది... పుస్తకమంతా వెతికి ఒక్కో వివరం ఏరుకుని, వృత్తలేఖిని పట్టుకుని కొత్త పటం తయారుచేయాల్సి వచ్చింది.

ఆ పని ఎక్కడ జరిగిందో తెలుసా? తండ్రి ఆఫీసులో! లైట్‌హౌస్‌ల నక్షాలు గీసే బల్లల మీద దొంగల దీవి పటం తయారైంది. సముద్రంలో నీళ్లు చిమ్మే తిమింగలాలు, తెరచాపల ఓడలు అలంకారంగా చేర్చారు. రకరకాల దస్తూరీల్లో రాయడం థామస్‌కి వచ్చు. ఆ విద్యతో కెప్టెన్ ఫ్లింట్ సంతకాన్ని, బిల్లీ బోన్స్ రాసిన దారి గుర్తుల్ని ఆయనే స్వయంగా ‘ఫోర్జరీ’ చేశాడు. అరవై అయిదేళ్ల పెద్దమనిషి, దేశమంతా గౌరవించే ఇంజినీరు, కొడుకు పుస్తకం కోసం దొంగ సంతకం పెట్టాడన్నమాట.

కొత్త పటం అందంగా వచ్చింది. ఇప్పటికీ పుస్తకాల్లో కనిపించేది అదే. కానీ స్టీవెన్‌సన్‌కి మాత్రం అది ఎప్పటికీ తన దీవిలా అనిపించలేదు. వాన కురుస్తున్న గదిలో, పిల్లాడి పక్కన కూర్చుని రంగులద్దిన ఆ మొదటి కాగితమే ఆయనకు అసలు దీవి. నిధి పటం గురించి రాసిన రచయితకు తన పటమే దొరకలేదు!

ఒంటికాలి స్నేహితుడు

నవల మొత్తంలో పాఠకుల్ని వదలకుండా పట్టుకునేది జిమ్ కాదు, లాంగ్ జాన్ సిల్వర్. అతను హంతకుడు, వెన్నుపోటుదారు. అయినా అసహ్యించుకోలేం. ఆ పాత్ర వెనక ఓ నిజమైన మనిషి ఉన్నాడు. పేరు విలియం ఎర్నెస్ట్ హెన్లీ. కవి, సంపాదకుడు. ఎముకలకు క్షయ సోకడంతో చిన్న వయసులోనే ఎడమకాలు మోకాలి కిందికి తీసేశారు. రెండోదీ తీసేయాలన్నప్పుడు ఎడింబరో ఆసుపత్రిలో ప్రఖ్యాత సర్జన్ జోసెఫ్ లిస్టర్ నెలల తరబడి చికిత్స చేసి కాపాడాడు. ఆ ఆసుపత్రి మంచం మీద ఉండగానే 1875లో స్టీవెన్‌సన్ అతన్ని మొదటిసారి చూశాడు. భారీ విగ్రహం, ఎర్రటి గడ్డం, గది దద్దరిల్లే నవ్వు. కాలు లేకపోయినా తల వంచని ఆ దర్జాలోంచే సిల్వర్ పుట్టాడని తరవాత హెన్లీకే ఉత్తరం రాశాడు స్టీవెన్‌సన్. విశేషమేమిటంటే ఆ పుస్తకం క్యాసెల్ సంస్థ దృష్టిలో పడటానికి సాయపడిందీ హెన్లీయే.

మిగతా అప్పులన్నీ కూడా స్టీవెన్‌సన్ దాచుకోకుండా చెప్పేశాడు. చిలక ‘రాబిన్‌సన్ క్రూసో’ది. దారి చూపించే అస్థిపంజరం ఎడ్గార్ అలన్ పో కథలోది. బిల్లీ బోన్స్‌ని, అతని పెట్టెను వాషింగ్టన్ ఇర్వింగ్ దగ్గర్నుంచి తెచ్చుకున్నాడు. కానీ అవన్నీ ఒక్కచోట చేరి, ఊపిరి పోసుకుంది మాత్రం ఈ దీవిలోనే.

మద్రాసు గవర్నర్‌ని కాపాడిన చెక్కకాలు

మరి నిజం సముద్రపు దొంగలు ఎలా ఉండేవారు? 1724లో లండన్‌లో కెప్టెన్ చార్లెస్ జాన్సన్ పేరుతో దొంగల చరిత్ర ఒకటి వెలువడింది. స్టీవెన్‌సన్ చదివిన పుస్తకాల్లో అదొకటి. బ్లాక్‌బియర్డ్ అనుచరుడైన ఇజ్రాయెల్ హ్యాండ్స్ అనే నిజమైన దొంగ పేరును అందులోంచే తీసి తన నవలలో వాడుకున్నాడు. తాను మొదట ఇంగ్లండ్ అనే కెప్టెన్ దగ్గర పనిచేశానని సిల్వర్ చెప్పుకుంటాడు. ఆ ఎడ్వర్డ్ ఇంగ్లండ్ కూడా నిజం మనిషే. అతని కథలో మన దేశానికి చుట్టరికమున్న ముచ్చట ఒకటుంది.

1720 ఆగస్టులో ఈస్టిండియా కంపెనీ ఓడ ‘కసాండ్రా’ మీద ఆఫ్రికా దగ్గరి కొమొరోస్ దీవుల్లో ఇంగ్లండ్ ముఠా విరుచుకుపడింది. కెప్టెన్ జేమ్స్ మెక్రే గంటల తరబడి పోరాడి, ఓడను ఒడ్డుకెక్కించి, గాయాలతో దీవిలోకి పారిపోయాడు. కొన్నాళ్లకు ప్రాణాలకు తెగించి తనే దొంగల ఓడెక్కి బేరానికి కూర్చున్నాడు. చంపేద్దామని కొందరు కత్తులు దూస్తున్నారు. అప్పుడు పెద్ద పెద్ద మీసాలతో, ఒంటినిండా పిస్తోళ్లతో ఓ చెక్కకాలి దొంగ దూసుకొచ్చి మెక్రే చేయి పట్టుకున్నాడు. ఒకప్పుడు అతని కింద పనిచేశాననీ, ఇంత మంచివాడి మీద చేయి వేస్తే ఊరుకోననీ బొబ్బలు పెట్టాడు. మెక్రే బతికిపోయాడు. దొంగలు ఇచ్చిన పాడుబడ్డ ఓడలో బొంబాయి చేరాడు. ఆ మెక్రేనే 1725 నుంచి 1730 దాకా మద్రాసు గవర్నర్‌గా పనిచేశాడు! జాలి చూపించినందుకు ఇంగ్లండ్‌ని మాత్రం సొంత ముఠావాళ్లే మారిషస్‌లో దించేసి పోయారు.

సిల్వర్ చిలక గోవా వైస్రాయ్ ఓడ దోపిడీని చూసిందని నవలలో ఉంటుంది. దానికీ ఆధారముంది. గోవా నుంచి స్వదేశానికి వెళుతున్న పోర్చుగీసు వైస్రాయ్ ఓడను 1721లో రీయూనియన్ దీవి దగ్గర ఇంగ్లండ్ పాత అనుచరులే దోచుకున్నారు.

నిధులు పాతిపెట్టడమన్నది మాత్రం చాలావరకూ కల్పనే. దొంగల సొత్తు వాటాలేసుకున్న మర్నాడే తాగుడుకీ జూదానికీ ఖర్చయిపోయేది. దోచుకున్నదాంట్లో బంగారం కన్నా బట్టలు, పంచదార, మందులు, తాళ్లు, తెరచాపలే ఎక్కువ. పాతిపెట్టినట్టు గట్టి ఆధారమున్న కొద్దిమందిలో కెప్టెన్ కిడ్ ఒకడు. మన పడమటి తీరానికి దగ్గర్లో 1698లో ‘క్వెడా మర్చంట్’ అనే ఓడను పట్టుకున్న కిడ్, తరవాత అమెరికాలోని గార్డినర్స్ దీవిలో కొంత సొత్తు పాతిపెట్టాడు. అధికారులు దాన్ని వెంటనే తవ్వితీసి అతని మీదే సాక్ష్యంగా వాడారు. 1701లో లండన్‌లో ఉరి తీశారు. నిధి వేటగాళ్లు మాత్రం ఇప్పటికీ ఆశ వదులుకోలేదు.

కాలికో రేటు!

సముద్రపు దొంగల ఓడల్లోనూ ‘బీమా’ ఉండేది! కరీబియన్ దొంగల మధ్య గడిపిన ఎక్స్‌క్వెమెలిన్ 1678లో అచ్చయిన పుస్తకంలో ఆ లెక్కలు రాశాడు. దోపిడీలో కుడిచెయ్యి పోతే 600 వెండి నాణేలు. ఎడమచెయ్యికి 500, కుడికాలికి 500, ఎడమకాలికి 400. కన్ను పోతే 100. వాటాలు పంచడానికి ముందే ఈ సొమ్ము పక్కన పెట్టాలి. ఆ నాణేలే ‘పీసెస్ ఆఫ్ ఎయిట్’. ఒక్కోటి ఎనిమిది స్పెయిన్ రియాళ్ల విలువ చేస్తుంది కాబట్టి ఆ పేరు. సిల్వర్ చిలక అరిచేది ఆ పేరే. ఆ లెక్కన ఎడమకాలు పోగొట్టుకున్న సిల్వర్‌కి ముట్టాల్సింది 400!

తరాలు దాటిన దీవి

ఆ తరవాత వచ్చిన దొంగల కథలన్నీ ఈ దీవిలో ఓసారి ఆగి వెళ్లినవే. జె.ఎం.బారీ 1904లో ‘పీటర్ పాన్’ నాటకం రాస్తూ కెప్టెన్ హుక్‌ని సృష్టించాడు. అందులో వెండీ అన్న పేరుకి కారణం హెన్లీ చిన్నారి కూతురే. 1950లో డిస్నీ సంస్థ ‘ట్రెజర్ ఐలండ్’ సినిమా తీసింది. అందులో సిల్వర్‌గా వేసిన రాబర్ట్ న్యూటన్ యాసే సినిమా దొంగలందరి యాసగా స్థిరపడిపోయింది. 2003లో మొదలైన ‘పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్’ వరస దాకా ఆ నీడ కనిపిస్తూనే ఉంటుంది.

తెలుగు పిల్లలకు ఈ దీవిని చూపించింది నండూరి రామమోహనరావు. మార్క్ ట్వేన్ ‘టామ్ సాయర్’ని తెలుగువాడిని చేసిన ఆయనే దీన్ని ‘కాంచన ద్వీపం’గా అందించారు. సముద్రం ముఖం చూడని ఊళ్లలో కూడా ఆ పుస్తకం పట్టుకుని ఓడెక్కేసిన పిల్లలు ఎంతమందో!

దీవిలోనే చివరి మజిలీ

1887లో తండ్రి కన్నుమూశాడు. ఆ ఏడాదే స్టీవెన్‌సన్ బ్రిటన్ వదిలేశాడు. మరుసటి ఏడాది కుటుంబంతో సహా ‘కాస్కో’ అనే ఓడెక్కి పసిఫిక్ దీవుల మీదుగా ప్రయాణం కట్టాడు. మంచం మీద నుంచే సముద్రాల్ని ఊహించినవాడికి ఆ సముద్రపు గాలే పడింది. 1890లో సమోవాలో స్థిరపడ్డాడు. కథలు చెప్పేవాడన్న అర్థంలో అక్కడివాళ్లు ఆయన్ని ‘తుసితాల’ అని పిలుచుకున్నారు. వలస పాలకులతో తగువులొచ్చినప్పుడు ఆయన స్థానికుల పక్షానే నిలబడ్డాడు. జైలుపాలైన సమోవా పెద్దల్ని ఆదుకున్నాడు. విడుదలయ్యాక వాళ్లు తమ చేతులతో ఆయన ఇంటికి రోడ్డు వేసి రుణం తీర్చుకున్నారు.

తప్పిపోయిన పటం సంగతులూ, నాన్న సర్దిన పెట్టె ముచ్చట్లూ ఆయన రాసిన వ్యాసం 1894లో అచ్చయింది. పదమూడేళ్లు గడిచినా ఆ వాన చప్పుడు ఆయన మరచిపోలేదు. అదే ఏడాది డిసెంబరు 3న సాయంత్రం ఇంట్లో ఉన్నట్టుండి కుప్పకూలాడు. మెదడులో రక్తనాళం చిట్లింది. అప్పటికి వయసు నలభై నాలుగే.

వయియా కొండ మీద తనను సమాధి చేయాలన్నది ఆయన కోరిక. అక్కడికి దారి లేదు. సమోవా మనుషులు కత్తులూ గొడ్డళ్లూ పట్టుకుని అడవిలోకి దిగారు. మర్నాడు కొండ కొమ్ముదాకా బాట పడింది. తమ తుసితాలను భుజాల మీద మోసుకెళ్లారు.

కొండ మీద నుంచి చూస్తే చుట్టూ సముద్రమే. ఆ బాటకి పటం లేదు, ఎర్ర గుర్తులూ లేవు. అయినా ఇన్నేళ్ల తరవాత కూడా పాఠకులు దాన్ని వెతుక్కుంటూ ఎక్కుతూనే ఉన్నారు.